ఎండకి పెట్టుకున్న పిన్నీసు

హలో... హలో, వినబడుతోందా అండీ? ఆఁ, అందరికీ నమస్కారం. ఇబదాన్ నుంచే, మా ఓజే సందులోంచే మాట్లాడుతున్నాను. కరెంటు పోయింది, ఫోన్లో చార్జింగు కొంచెమే ఉంది. అది అయిపోయేలోపు మా సందు మొగలో బొబ్బర్ల పిండితో అకారా వేసి అమ్మే అనికే సంగతి చెప్పేస్తాను. పెద్ద కథేం కాదు, ఒక్క రోజు జరిగింది. ఆవిడ గురించి ఎవరూ ఎక్కడా రాయరు. అందుకని నాకొచ్చిన నాలుగు ముక్కల్లో నేనే చెప్తున్నాను. మాటలు తప్పులుంటే సర్దుకోండి.

అనికే పిండి గిలకొడుతోంది.

పీట మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య చెక్క రోలు బిగించుకుని, చెక్క గరిటెతో కిందనుంచి పైకి కొడుతోంది. మరలో రుబ్బించి తెచ్చిన బొబ్బర్ల పిండి మొదట బురదలా బరువుగా ఉంటుంది. కొట్టగా కొట్టగా తెల్లబడుతుంది, ఉబ్బుతుంది, గరిటె ఎత్తితే జారకుండా నిలబడుతుంది. గాలి పట్టిన పిండి నూనెలో పడగానే పైకి తేలుతుంది. పట్టని పిండి మూకుడు అడుక్కి పోయి అక్కడే కూర్చుంటుంది. పెళ్ళై ఈ సందుకి వచ్చినప్పటి నుంచీ ఆమె పొద్దున్నే చేసే పని ఇదే.

లావు మనిషి. జబ్బలు బలంగా ఉంటాయి. ముంజేతుల మీద నల్లటి నూగు, ఆ నూగు మధ్యలో నూనె చింది కాలిన మచ్చలు. మెడ మడతల్లో చర్మం మసి పట్టినట్టు నల్లగా, మందంగా ఉంటుంది. ఎంత రుద్దినా పోదు. కొత్తలో ఆమె బట్టల సబ్బుతో కూడా రుద్దుకుంది. గడ్డం కింద రెండు చోట్ల చర్మం ఎర్రగా లేచి ఉంది. తెల్లారకముందే గోడకి ఆనించిన అద్దం ముక్క ముందు కూర్చుని, చిన్న పట్టకారుతో ఒక్కొక్క వెంట్రుకా పీక్కుంటుంది. వారం తిరక్కుండా మళ్ళీ వస్తాయి, అంతకంటే మొండిగా.

"అకారాలమ్మా! ఆకలేస్తోంది, ఇంకా ఎంతసేపు?" అని బండి మీద కూర్చునే అరిచాడు బాయో. ఒకాడా నడుపుతాడు, కిరాయికి మనుషుల్ని ఎక్కించుకునే మోటారు సైకిలు. పొద్దున మొదటి బేరం అకారా తిన్నాకే పడుతుందని అతని నమ్మకం.

"నూనె కాగాలా వద్దా? పచ్చి పిండి పెడతాను, తింటావా?"

"నువ్వు పెడితే అదీ తింటాను. గడ్డం ఉన్న ఆడదానివి, నీ ఇంటికి డబ్బు దానంతటదే నడిచొస్తుంది. మాలాంటి పేదోళ్ళకి ఒకటి ఎక్కువ వెయ్యి."

అనికే నవ్వింది. ఈ ఊళ్ళో గడ్డం మొలిచిన ఆడది డబ్బు గలది అవుతుందని అందరూ అంటారు. ఆ మాట మెచ్చుకోలుగానే అంటారు. అది విన్న ప్రతిసారీ ఆమె నవ్వుతుంది, తలగుడ్డ చివర కాస్త కిందికి లాక్కుంటుంది.

ఆ సందులో ఆడవాళ్ళకి సొంత పేర్లు ఉండవు. పెద్ద పిల్లాడి పేరే తల్లి పేరు. కున్లే అమ్మ, రిస్కి అమ్మ, కవలల అమ్మ. పెళ్ళైన ఏడాదికే ఆ పేరొస్తుంది, చచ్చేదాకా ఉంటుంది. అనికేకి పెళ్ళై చాలా ఏళ్ళైనా ఆ పేరు రాలేదు. అందుకని అందరూ అకారాలమ్మ అన్నారు. ఆమె పక్కనే మొక్కజొన్న పులియబెట్టి కాచే ఓగీ జావ అమ్మే సిడికాట్‌ని జావమ్మ అంటారు. అకారా కొన్నవాడు జావ తాగకుండా వెళ్ళడు, జావ తాగినవాడికి అకారా కావాలి. అందుకని ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. ఒకే గోనె పట్టా ఇద్దరికీ నీడ.

సిడికాట్ చిన్నది, ముప్పై ఏళ్ళు దాటి ఉంటుందేమో. సన్నంగా, మొక్కజొన్న కాడలా ఉంటుంది. అనికేకి గడ్డం మొలిపించిన జబ్బే ఆమెకీ ఉందని ఎవరూ అనుకోరు. అనికే కూడా అనుకోలేదు. మూడేళ్ళ క్రితం ఒక వానరోజు, బేరం లేక ఇద్దరూ పట్టా కింద కూర్చున్నప్పుడు, సిడికాట్ ఉన్నట్టుండి తల మీద ముసుగు తీసి మొహం ముందుకి పెట్టింది.

"అక్కా, నీ గడ్డం చూసినప్పుడల్లా చెప్దామనుకుంటా. ఇదిగో, నాకూ ఉన్నాయి. బ్లేడుతో గీసుకుంటా. నెలలు కూడా రావు. ఓసారి రంజాన్‌కి వచ్చింది, మళ్ళీ బక్రీద్‌కి వచ్చింది. పండగలకొచ్చే చుట్టం అది."

అనికే ఎన్నాళ్ళ తర్వాతో పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ కలిసి గుట్ట దిగువ ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ పడుచు డాక్టరమ్మ స్కాను తెర వాళ్ళ వైపు తిప్పి చూపించింది. అండాశయం అంచు చుట్టూ చిన్న చిన్న నల్లటి గుండ్రాలు, వరసగా. "ఇవి గుడ్ల సంచులమ్మా. నెలకొకటి పెద్దదై బయటికి రావాలి. మీకు అన్నీ పెరగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోతున్నాయి. ఒంట్లో మగ హార్మోను ఎక్కువైంది. తిన్న చక్కెరని కూడా ఒళ్ళు సరిగ్గా వాడుకోవట్లేదు. ఇందులో మీ తప్పేం లేదు. కడుపు రాదనీ కాదు, కష్టంగా వస్తుంది, అంతే," అంది. సిడికాట్ తెర దగ్గరికి వంగి చూసి, "నడుం పూసల్లా ఉన్నాయే! అక్కా, మనం లోపల కూడా పూసలు కట్టుకున్నాం," అంది. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పటి నుంచీ ఇద్దరికీ ఒకే మాత్ర, తెల్లగా, పెద్దగా, డబ్బా మూత తీస్తే ఎండు చేపల వాసన. సాయంత్రం గుట్ట పైదాకా నడక. ఎనిమిది గజాల బట్ట చుట్టుకున్న లావు మనిషీ, గాలికి ఎగిరిపోయే సన్న మనిషీ చేతులూపుకుంటూ నడుస్తుంటే సందంతా నవ్వేది. "ఎక్కడికమ్మా, మొగుళ్ళని వెతకడానికా?" అనేవాళ్ళు. "ఉన్నవాళ్ళని వదిలించుకోడానికి," అనేది సిడికాట్. అనికేకి ఆ నడకంటే ప్రాణం. ఊరు ఊరంతా ఫలానావాళ్ళ అమ్మలే. ఆ నడకలో మాత్రం ఆమెకి జోడుంది.

ఒకే జబ్బు తనని లావు చేసి ఆమెని సన్నంగా వదిలేసిందేమిటని అనికే అప్పుడప్పుడూ అనుకునేది. ఆ అనుకోవడంలో చిన్న ముల్లు ఉండేది. దాన్ని ఆమె ఎప్పుడూ పైకి తియ్యలేదు.

ఆ రోజు సిడికాట్ ఆలస్యంగా వచ్చింది. జావ కుండ దించి కూర్చోడానికే ఆయాసపడింది.

"ఏంటే, మొహం అలా పీక్కుపోయింది?"

"ఏం లేదక్కా." మూత తీసింది. పులిసిన జావ ఆవిరి మొహానికి కొట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగున మురిక్కాలవ దాకా వెళ్ళి, వంగి డోకింది. ఏమీ రాలేదు, నీళ్ళే.

అనికే అటే చూస్తోంది. ఆమెకి ఆ డోకు తెలుసు. ఆ రుచి కూడా తెలుసు, నాలుక మీద ఇనప మేకు పెట్టుకున్నట్టుంటుంది. ఉపవాసాల నెలంతా సిడికాట్ మాత్ర మానేసింది. పండగ వెళ్ళాక మళ్ళీ మొదలెట్టింది, మానేసినవాటికి కూడా కలిపి ఒక్కసారే రెండేసి మింగుతోంది. 'ఒసే, అది మాత్రేనే, ఏదైనా తిని వేసుకో' అనే మాట అనికే నాలుక చివరిదాకా వచ్చింది.

సిడికాట్ మూతి తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. గాలికి ముసుగు చెంగు లేచింది. బొడ్డుకి కాస్త పక్కగా, రవిక అంచున, ఎండలో ఏదో తళుక్కుమంది.

పిన్నీసు.

అనికే నాలుక మీది మాట అక్కడే ఆగిపోయింది.

"అదేంటి?"

"ఏది?" అంది సిడికాట్. చెయ్యి మాత్రం అప్పటికే దాన్ని కప్పేసింది. "అల్హాజా పెట్టిందక్కా. నేను వద్దన్నా వినలేదు. మధ్యాహ్నం ఎండలో నడవాలి కదా, ఒట్టి ఒంటితో వెళ్ళకూడదంది." అల్హాజా ఆమె అత్త, మక్కా వెళ్ళొచ్చిన మనిషి.

అనికేకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నడి మధ్యాహ్నం ఎండలో తిరిగే గాలులు కడుపుతో ఉన్నదాని ఒంట్లోకి దూరకుండా పిన్నీసు పెడతారు. గాలులొకటే కాదు, కళ్ళు కూడా. పిల్లల్లేని ఆడదాని కళ్ళు. అల్హాజా ఇంట్లోంచి ఈ బల్ల దాకా ఆ కళ్ళున్న ఆడది ఎవరని లెక్క చూస్తే, ఈ పట్టా కిందే తేలుతుంది.

"ఎన్నాళ్ళైంది?"

"మనకి నెల తప్పడం కొత్తా అక్కా? లెక్కేం తెలుస్తుంది. కానీ ఈ వికారం... అన్నం చూస్తే చాలు. అల్హాజా చూసి, ఇది అదే అంది. ఆవిడ ఆరుగుర్ని కంది, ఆవిడకి తెలీదా?"

"పుల్లతో చూసుకున్నావా?"

సిడికాట్ తల అడ్డంగా ఊపింది. "చూసుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ పుల్ల మీద ఒంటి గీతే చూశాను. ఇంకోసారి చూస్తే చచ్చిపోతా. ఇవాళ స్కాను తీయించుకుని రమ్మంది. ఆయనేమో లాగోస్‌లో ఉన్నాడు." కాస్త ఆగింది. "అక్కా, నాతో రావూ? ఒక్కదాన్నే ఆ బల్ల మీద పడుకోవాలంటే భయంగా ఉంది."

ఇప్పుడైనా చెప్పచ్చు. చెప్తే ఏమవుతుందో అనికేకి కళ్ళకి కట్టినట్టుంది. సిడికాట్ చెయ్యి పిన్నీసు మీద ఇంకాస్త గట్టిగా బిగుస్తుంది. సాయంత్రానికి అల్హాజా వింటుంది. 'చూశావా, ఎంత కుళ్ళు!' అంటుంది. అది ఒక సంగతి. ఇంకో సంగతి ఉంది, దాన్ని అనికే తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఆమెకి అది మాత్రే కావాలని ఉంది.

"బొబ్బర్లు నానెయ్యాలి," అంది.

సిడికాట్ ఆమె మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళుగా పక్కనే కూర్చున్న మనిషి. అకారాలమ్మ బొబ్బర్లు నానేసేది పొద్దు వాలాక అని ఆమెకి తెలీదా?

"సరే అక్కా," అంది.

అనికే వాయి మీద వాయి వేసింది. గుంట గరిటెతో పిండి తీసి నూనెలోకి జారవిడవడం, తేలినవాటిని చిల్లుల గరిటెతో తిప్పడం, ఎర్రబడ్డాక తీసి పళ్ళెంలో వంచడం. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. బుర్ర మాత్రం ఆ పిన్నీసు దగ్గరే ఉంది. పేరు పెట్టే రోజున ఈ సందంతా కుర్చీలేస్తారు. తేనె నాకిస్తారు, ఉప్పు నాకిస్తారు. ఆ మర్నాటి నుంచీ జావమ్మ అనే మనిషి ఉండదు, ఫలానావాళ్ళ అమ్మే ఉంటుంది. జావ అమ్మినా ఫలానావాళ్ళ అమ్మే, అమ్మడం మానేసినా ఫలానావాళ్ళ అమ్మే. సాయంత్రం నడకకి రాదు. పాలివ్వాలి అంటుంది. సందు మొత్తంలో సరుకు పేరుతో బతికే ఆడది ఒక్కతే మిగులుతుంది. ఇద్దరికీ తెర మీద ఒకే పూసలు కనబడ్డాయి కదా, ఆమెవే ఎందుకు విడిపోవాలి? నేను నడవలేదా? డాక్టరమ్మ వద్దన్న రొట్టె నేను మానలేదా? దానికంటే పెద్దదాన్ని కాదా నేను?

బాయో అకారా పొట్లం అందుకుని, "జావమ్మా, ఒక గిన్నె పొయ్యి," అన్నాడు. సిడికాట్ అప్పుడే మళ్ళీ కాలవ దగ్గరికి లేచి వెళ్ళింది.

"ఇవాళ జావ తాగకు. మరీ పులిసిపోయింది," అంది అనికే, తల ఎత్తకుండా.

"అవునా? సరే, రొట్టెతో తింటాలే." బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

సిడికాట్ తిరిగొచ్చి కూర్చుంది. అంతా వినబడే దూరమే. ఆమె గిన్నె తీసి, కాస్త జావ పోసుకుని, ముక్కు మూసుకుని ఒక్క గుక్క రుచి చూసింది. గిన్నె కడిగి బోర్లించింది.

ఎండెక్కేసరికి బేరం అయిపోయింది. సిడికాట్ కుండ మూత పెట్టి, "వెళ్ళొస్తానక్కా," అంది. అనికే మూకుడు తోముతున్నట్టు చప్పుడు చేసింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మీద వాలింది. మొగుడు గానియు రోడ్డు పక్క టైర్లకి పంచర్లు వేస్తాడు, పొద్దు వాలేదాకా రాడు. మంచి మనిషి. పిల్లల గురించి పల్లెత్తు మాట అనడు. తన అన్నకి ఏడో బిడ్డ పుట్టినప్పుడు కబురు దాచిపెట్టింది కూడా అతనే. నెల తర్వాత వేరేవాళ్ళ నోట విని, అనికే వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అన్నకి బిడ్డ పుట్టినందుకు కాదు, దాచినందుకు.

వెల్లకిలా పడుకుంటే దోమతెర కనబడుతోంది. దాంట్లో ఒక చోట చిరుగు, ఆ చిరుగుని పట్టి ఉంచిన పిన్నీసు.

అది ఆమెదే. మాత్ర మొదలెట్టిన కొత్తలో పరగడుపునే మింగేది, రోజూ డోకేది. అన్నం చూస్తే అసహ్యం. కడుపే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. బజారులో పూసలమ్మే పిల్ల దగ్గర ఒక్క పిన్నీసు కొని, పైకి కనబడకుండా లోపలి బట్టకి పెట్టుకుంది. దాని చల్లదనం బొడ్డు దగ్గర తగిలినప్పుడల్లా పెదాలు వాటంతటవే నవ్వేవి. పుట్టబోయే పిల్లకి పేరు కూడా అనుకుంది. ఒకరోజు వాయి తిప్పుతుండగా తొడల మధ్య తడి తగిలింది. లేవలేదు. ఆ వాయి తీసి, తర్వాత వాయి వేసి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వేయించింది. ఆ వారమే డాక్టరమ్మ, "ఈ మాత్రతో వికారం ఉంటుందమ్మా, తిన్నాక వేసుకోవాలి. మానేసి మళ్ళీ మొదలెడితే అదీ మళ్ళీ మొదలవుతుంది," అని చెప్పింది. ఇంటికొచ్చి పిన్నీసు తీసి తెర చిరుగుకి పెట్టింది. సిడికాట్‌కి తప్ప ఇంకెవరికి చెప్పుకోగలదు? ఆమెక్కూడా చెప్పలేదు. లావు పిచ్చిదాన్ని, అజీర్తికి పిన్నీసు పెట్టుకున్నానని ఏ నోటితో చెప్పాలి?

చాలాసేపు దాన్నే చూసింది. చూసి చూసి లేచి కూర్చుంది. గొడుగు తీసుకుని ఆసుపత్రి వైపు బయల్దేరింది.

నడి ఎండ. తుప్పు పట్టిన రేకుల కప్పుల మీంచి వేడి పొగలా లేస్తోంది. అనికే తొడలు ఒరుసుకుంటున్నా గబగబా నడిచింది. చెప్పేస్తాను, తిడితే తిట్టనీ అనుకుంది. స్కాను గది బయటైనా పక్కన కూర్చుంటాను అనుకుంది. ఆసుపత్రి గేటు కనబడే మలుపు తిరిగింది, బుట్టలమ్మే కొట్టు దగ్గరికి వచ్చింది. గేట్లోంచి సిడికాట్ బయటికి వస్తోంది.

ముసుగు మెడ మీదికి జారిపోయి ఉంది. గొడుగు లేదు. పొద్దుటి నుంచీ బొడ్డు దగ్గర కాపలా కాసిన చెయ్యి ఇప్పుడు పక్కన వేళ్ళాడుతోంది. నీడ పట్టున నడవాలన్న ధ్యాస లేదు, రోడ్డు మధ్యలోంచి నడిచొస్తోంది. ఒక మైక్రా టాక్సీవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

అనికేకి తెలిసిపోయింది. తెలిసిన ఆ క్షణాన గుండెలో ఏదో తేలిగ్గా, చకచకా పైకి లేచింది, గాలి పట్టిన పిండి నూనెలో లేచినట్టు. తను ఒక్కతే కాదు. రేపు కూడా జావమ్మ జావమ్మే. సాయంత్రం నడకకి జోడు ఉంటుంది.

ఆ తేలికదనం ఏమిటో ఆమెకి తెలిసింది. గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని బుట్టల గుట్ట వెనక్కి జరిగింది. సిడికాట్ ఆమెకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెళ్ళిపోయింది. ముక్కు ఎగపీలుస్తున్న చప్పుడు కూడా వినబడింది.

"ఏం కావాలమ్మా? చిన్న బుట్టా, పెద్దదా?" అంది కొట్టామె.

"ఏం వద్దు," అంది అనికే.

పొద్దు వాలింది. అనికే బల్ల దగ్గర కూర్చుని చేటలో బొబ్బర్లు ఏరుతోంది. సిడికాట్ వచ్చింది. భుజానికి ఒక సంచి ఉంది. తన బల్ల మీద కూర్చోకుండా పట్టా గుంజని పట్టుకుని నిలబడింది.

"ఏమీ లేదక్కా," అంది. "లోపల ఖాళీ. అవే పూసలు."

అనికే చేతిలో చేట ఆగిపోయింది.

"వికారం మాత్ర వల్లేనట. ఉపవాసాలకి మానేసి ఒక్కసారే రెండు వేసుకున్నానుగా, దాని వల్లట. డాక్టరమ్మ మెల్లిగానే చెప్పింది. బయట కూర్చున్న గర్భిణీలు నన్నే చూస్తున్నారు. వాళ్ళందరికీ పిన్నీసులు, నాకూ పిన్నీసు." నవ్వబోయింది, కుదరలేదు.

"ఆ సంచి ఏంటే?"

"మా అమ్మ దగ్గరికి, ఇసెయిన్‌కి. టాక్సీ నిండగానే పోతుంది."

"అల్హాజాకి చెప్పావా? ఆవిడేం రాక్షసి కాదుగా."

"రాక్షసి అయితే బాగుండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. ఆవిడ తిట్టదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తుంది, వీపు నిమురుతుంది. పేరు కూడా ఎంచిపెట్టుకుంది అక్కా, చచ్చిపోయిన తన తల్లి తిరిగొస్తోందని. ఆ మొహం నేను చూడలేను." గుంజ మీద గోరుతో గీసింది. "పొద్దున నువ్వేదో అనబోయావు. నేను కాలవ దగ్గర్నుంచి తిరిగినప్పుడు. నీ నోరు తెరుచుకుంది, పిన్నీసు చూసి మూసేశావు. ఏంటది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అనికే తప్పించుకోలేదు.

"మాత్రేమో అందామనుకున్నా. నాకూ అలాగే అయింది, మొదట్లో. నేనూ కడుపే అనుకున్నా. పిన్నీసు కూడా కొనుక్కున్నా."

"నువ్వా?" సిడికాట్ కళ్ళు పెద్దవయ్యాయి. "నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవరికీ చెప్పలేదు."

"పొద్దున చెప్పుంటే..." ఆగింది. "చెప్పుంటే నమ్మేదాన్ని కాదులే. కుళ్ళుకుంటున్నావు అనుకునేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

"అందుకేనా?"

అనికే చేటలోకి చూసింది. రాళ్ళు ఏరడం అయిపోయింది, అయినా వేళ్ళు గింజల్లో ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.

సిడికాట్ రవిక అంచున చెయ్యి పెట్టి పిన్నీసు తీసింది. విసిరేస్తుందనుకుంది అనికే. ఆమె చెయ్యి పైకెత్తి, అనికే తల మీద నీడ పడే చోట, గోనె పట్టా అంచుకి దాన్ని గుచ్చి, మూసింది.

"ఇక్కడుంటుందిలే. ఎండ నీకూ తగులుతుంది కదా," అంది.

అందులో వెటకారం ఉందేమోనని అనికే వెతికింది. దొరకలేదు. అది ఉండి ఉంటే బాగుండేది.

"సాయంత్రం నడక మానకక్కా. మాత్ర తిన్నాక వేసుకో."

"నువ్వూ," అంది అనికే.

మైక్రా టాక్సీ నిండింది. సిడికాట్ వెనక సీట్లో, నలుగురి మధ్య ఇరుక్కుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సందు మలుపు తిరిగేదాకా ఆమె ముసుగు నీలం కనబడింది. అనికే బొబ్బర్లు నీళ్ళలో పోసింది. తేలిన తాలు గింజలు తీసి పారేసింది. ఆ సాయంత్రం గుట్ట పైదాకా ఒక్కతే నడిచింది. దారిలో ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. ఒంటరిగా నడిచే ఆడదాన్ని చూసి నవ్వడానికి ఏముంటుంది?

మర్నాడు పొద్దున బాయో వచ్చాడు. "జావమ్మ ఏది?"

"ఊరెళ్ళింది."

"పోనీలే. నిన్న పులిసిన జావే అన్నావుగా."

అనికే చిల్లుల గరిటె మూకుడు అంచుకి ఆనించింది. "పులవలేదు. బాగానే ఉంది. నేను అబద్ధం చెప్పాను."

బాయో నవ్వాడు. జోకనుకున్నాడు. ఆమె నవ్వకపోయేసరికి పొట్లం తీసుకుని తొందరగా వెళ్ళిపోయాడు.

అల్హాజా ఆ వారంలోనే కోడల్ని తీసుకురావడానికి ఇసెయిన్ వెళ్ళింది. ఒక్కతే తిరిగొచ్చింది. సిడికాట్ అక్కడే బస్టాండు దగ్గర జావ బల్ల పెట్టుకుందని చెప్పింది. అనికే అడగకుండానే చెప్పింది, అకారా కొనుక్కుని మరీ చెప్పింది. పక్క బల్ల ఇంకా ఖాళీగానే ఉంది. చాలామంది అడిగారు, అనికే ఎవరికీ ఇవ్వలేదు. జావ కావాలన్నవాళ్ళకి, "ఆమె వస్తుంది," అంటుంది.

సరేనండీ, నా ఫోను ఎర్ర గీత చూపిస్తోంది. మీ ఇంట్లో గానీ, మీ పక్కింట్లో గానీ గడ్డం చాటుకి తలగుడ్డ లాక్కునే ఆడవాళ్ళుంటే, చేపల వాసనేసే ఆ మాత్ర మింగేవాళ్ళుంటే, ఇది వాళ్ళకి పంపండి. వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటే ఇంకా మంచిది, తన ఒంట్లో జరిగేది ఇంకొకరి ఒంట్లోనూ జరుగుతోందని తెలుస్తుంది. నా పేరు అక్కర్లేదు. ఇవాళ పొద్దున కూడా అకారాకి వెళ్ళినప్పుడు చూశాను. గోనె పట్టా అంచున ఆ పిన్నీసు అక్కడే ఉంది, నూనె పొగకి నల్లబడి, సిడికాట్ మూసినది మూసినట్టే.